రాజుగారి పానకంలో విషం

"నూకన్నా! ఒరేయ్ నూకన్నా! ఎక్కడ చచ్చావురా!"

ఉద్దండరాయలవారి కేకకి సభామంటపం చూరులో పావురాలు టపటపా లేచిపోయాయి. రాజుగారి ముందు పీట మీద రెండు వెండి గిన్నెలు ఉన్నాయి. రెండిట్లోనూ అంచుదాకా బెల్లం పానకం. ఏలకులు, మిరియాలు, చిటికెడు పచ్చకర్పూరం వేసి చల్లబరిచిన పానకం. దాని వాసనకి సభలో సగంమంది గుటకలు మింగుతున్నారు. రాజుగారి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అయినా ఆయన గిన్నె ముట్టుకోవడానికి లేదు. ఆ రాజ్యం కట్టుబాటు అలాంటిది మరి.

తేనెకొండ అనే ఆ రాజ్యం పేరు మీరు విని ఉండరు. ఏటి పొడుగునా చెరకు తోటలు, కొండ చరియల నిండా తేనెపట్టులు. వెన్నెల రోజుల్లో అక్కడి గాలి కూడా నాలుకకి తీయగా తగిలేదని చెప్పుకునేవారు. అంత తీయని రాజ్యంలో ఒక చేదు సంగతి జరిగింది. ఉద్దండరాయలవారి ముత్తాతగారికి ఎవరో షర్బతులో విషం పెట్టి చంపారు. అప్పుడు ఆయన కొడుకు, అంటే మన రాజుగారి తాతగారు, రాతి మీద ఒక శాసనం చెక్కించారు. రాజు ఏది తాగాలన్నా ముందు ఇంకొక మనిషి తాగాలి. ఊరికే నాలుక తడుపుకుంటే చాలదు. రాజు ఎంత తాగితే అంతా తాగాలి. రాజు రోజుకి ఎన్నిసార్లు తాగితే అన్నిసార్లూ తాగాలి. ఆ కొలువుకి ముందుగుటక అని పేరు.

ఇప్పటి ముందుగుటక నూకన్న. పదేళ్ళ కిందట నూనూగు మీసాలతో కొలువులో చేరాడు. మాట చమత్కారం, మనిషి చక్కదనం. వాడు నవ్వితే ఎదుటివాళ్ళకి నవ్వు రావలసిందే.

"వచ్చాను ప్రభూ, వచ్చాను!" అంటూ నూకన్న పరుగున వచ్చాడు. సభకి ఎడమవైపు ద్వారం నుంచి వచ్చాడు. అది అంతఃపురం వైపు ద్వారం. వాడి వెనక, తెర అవతల, ఎవరో కిలకిలమని నవ్వి ఆపుకున్నారు. మల్లెపూల బుట్ట ఒలికినట్టున్న ఆ నవ్వు ఎవరిదో రాజుగారికి ఒకరు చెప్పనక్కరలేదు. అది సిరియాలదేవి నవ్వు. ఆయన పట్టపురాణి నవ్వు.

రాజుగారి గుండెలో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది.

"అటువైపు ఏం పనిరా నీకు?"

"నీళ్ళ గదిలో ఉన్నాను ప్రభూ. దాహమేసింది."

"ఇక్కడ ఇంత పానకం పెట్టుకుని నీళ్ళకి పోయావా? నీళ్ళు ఎద్దులు తాగుతాయి. మజ్జిగ కూలివాళ్ళు తాగుతారు. పానకం ప్రభువులు తాగుతారు. ఎన్నిసార్లు చెప్పాను?"

"రోజుకి ఐదుసార్లు ప్రభూ."

సభలో నవ్వులు. నూకన్న గిన్నె ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "నిర్మలం" అని ప్రకటించాడు. అప్పుడు రాజుగారు తాగారు. తాగి, ఇంకో గిన్నె పోయమన్నారు. నూకన్న ఇంకో గిన్నె తాగాడు. రాజుగారూ తాగారు. దాహం మాత్రం తీరలేదు. ఈమధ్య ఆయనకి ఎంత తాగినా అలాగే ఉంటోంది.

రాజుగారికి తనకి తానే ఇచ్చుకున్న బిరుదు ఒకటుంది, మధురపాన సార్వభౌముడు అని. పొద్దున్న లేవగానే చెరకు రసం. సభ తీరాక పానకం. భోజనం మీద ద్రాక్ష షర్బతు. ఎండ వాలాక తేనె నీళ్ళు. దీపాలు పెట్టే వేళకి పటికబెల్లం వేసి చిక్కగా కాచిన పాలు. ఈ ఐదు పానాలకీ శంఖం ఊదేవారు. ఊళ్ళో జనం శంఖాన్ని బట్టి పొద్దు తెలుసుకునేవారు.

కానీ ఆ రోజు నుంచి రాజుగారికి పొద్దు తెలిసేది సిరియాలదేవి నవ్వుల్ని బట్టి.

ప్రేమ ఉన్నచోట అసూయ కాపురం పెట్టడానికి ఎంతసేపు కావాలి? రాజుగారు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఆవిడ నూకన్నతో మాట్లాడుతూ సోమవారం రెండుసార్లు నవ్వింది. మంగళవారం మూడు. తనతో మాట్లాడుతూ ఎన్నిసార్లు నవ్విందో లెక్కపెట్టబోయి, వేలు మడవడానికి ఒక్కటీ దొరకక చెయ్యి దించేసుకున్నారు. పెళ్ళయిన కొత్తల్లో ఇద్దరూ ఏటి ఒడ్డున గుర్రాలు పరిగెత్తించిన రోజులు జ్ఞాపకం వచ్చాయి. ఇప్పుడు గుర్రం ఎక్కాలంటే ఇద్దరు మనుషులు కిందనుంచి తొయ్యాలి. ఎక్కితే గుర్రం వెనక్కి తిరిగి జాలిగా చూస్తుంది.

నూకన్నో? ఏడాదిగా వాడు రోజురోజుకీ సన్నబడుతున్నాడు. బుగ్గలు లోపలికి పోయి, నడుం పిడికిట్లో పట్టేట్టు అయి, మల్లెతీగలా ఊగుతూ నడుస్తున్నాడు. తను తాగేదంతా వాడూ తాగుతున్నాడు కదా! తనకి పొట్ట పెరగడమేమిటి, వాడికి అందం పెరగడమేమిటి?

"ఏరా, ఏం తింటున్నావు నువ్వు? అలా తీగలా అయిపోయావు?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగేశారు.

"మీరు తాగించేదే ప్రభూ," అన్నాడు నూకన్న. ఆ మాట అనేటప్పుడు వాడి నవ్వు కొంచెం తక్కువైంది. రాజుగారు అది చూడలేదు. ఆయన చూపంతా వాడి నడుం మీదే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం రాజుగారు తన స్థాయికి తగని పని ఒకటి చేశారు. చెప్పులు విడిచి, కుడికాలి బొటనవేలి పుండు నేలకి తగలకుండా కుంటుకుంటూ వెళ్ళి, నీళ్ళ గది పక్కన వెదురు తడిక వెనక నిలబడ్డారు. ఆ పుండు చెప్పు కరిచి వచ్చింది. రెండు నెలలైనా మానడం లేదు. నీళ్ళ గదిలో కొత్తకుండల దగ్గర సిరియాలదేవి నిలబడి ఉంది. తడిసిన ఇసుక వాసన. నూకన్న ముంతడు నీళ్ళు ఎత్తి తాగుతున్నాడు.

"ఇది ఎన్నో ముంత నూకన్నా?" అంది రాణి. ఎంత మెత్తగా అందో!

"ఏడోది అమ్మా. ఇంకో రెండు తాగితే ఏరు ఎండిపోతుందని రైతులు నా మీద ఫిర్యాదు తెస్తారు."

రాణి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఎంతకాలం దాస్తాం?"

"రాజుగారికి తెలియకూడదమ్మా. తెలిస్తే నన్ను కొలువులోంచి తీసేస్తారు. అప్పుడు మొత్తం చెడిపోతుంది."

"నాకు భయంగా ఉంది."

"నాకూ ఉందమ్మా. కానీ మీరు ఊ అంటే నేను తెగిస్తాను."

వాడి ప్రతి మాట చివరా అమ్మా అని ఉంది. అసూయ నిండిన చెవిలోకి ఆ ఒక్క ముక్కా దూరలేదు. మిగతాదంతా దూరింది. దాస్తాం. తెలియకూడదు. తెగిస్తాను. రాజుగారు తడిక పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఒళ్ళంతా మండింది. మంట చల్లార్చుకోవడానికి మందిరంలోకి వెళ్ళి పానకం తెప్పించుకున్నారు. తాగాలంటే మళ్ళీ నూకన్నే రావాలి! వాడు వచ్చి, తాగి, నిర్మలం అని వెళ్ళేదాకా ఆయన వాడి ముఖం చూడకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు నిండు సభ. రాజుగారు మీసం సవరించుకుని గొంతు పెంచారు.

"నూకన్నా! పదేళ్ళుగా నా పానకం తాగుతున్నావు. నిర్మలం అనడం తప్ప నీ నాలుకకి ఇంకో మాట రాదు. ఇలాంటివాడికి కొలువెందుకు? నీకు నిజంగా రుచి తెలిస్తే ఇవాళ నా పానకంలో ఒక లోపం చూపించు. మధురపాన సార్వభౌముడి పానకంలో! చూపించావా, సరే. లేదా, సాయంత్రానికల్లా పొలిమేర దాటు. నీ ముఖం మళ్ళీ నాకు కనపడకూడదు."

సభ ఉలిక్కిపడింది. ఆస్థాన వైద్యుడు నృసింహభట్టుగారు మాత్రం తలాడించారు. ఆ పానకం పాళ్ళు చెప్పింది ఆయనే. అందులో లోపం ఎలా ఉంటుంది?

నూకన్న ఎడమవైపు తెరకేసి ఒకసారి చూశాడు. ఆ చూపు రాజుగారు పట్టుకున్నారు. తెర వెనక గాజులు ఒక్కసారి గలగలమని ఆగాయి.

నూకన్న గిన్నె ఎత్తాడు. ఒక గుక్క తాగాడు. ఆగాడు. కళ్ళు మూసుకున్నాడు. గిన్నె పీట మీద బోర్లించాడు. పానకం పీట మీద నుంచి రాజుగారి పాదాల దాకా పారింది.

"విషం," అన్నాడు.

తాతగారి రోజుల తరవాత ఆ మాట ఆ సభలో ఎవరూ అనలేదు. భటులు కత్తులు దూశారు. ఎవరి మీద దూయాలో తెలియక ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. నృసింహభట్టుగారు కూర్చున్నచోటే నీరుగారిపోయారు.

"అబద్ధం!" అని రాజుగారు లేచారు.

"శాసనం చదివించండి ప్రభూ," అన్నాడు నూకన్న.

చదివించారు. తాతగారు రాయించినది ఇలా ఉంది. ముందుగుటక విషమని పలికిన పానీయాన్ని, అందులో వేసే సరుకులతో సహా, నలభై రోజులు ముద్ర వేసి ఉంచాలి. ఆ నలభై రోజులూ ముందుగుటక తన చేత్తో తెచ్చి తాగి చూపించినదే రాజు తాగాలి. నలభై ఒకటో రోజు సభలో నిజం తేల్చాలి. విషం కాదని తేలితే, పలికినవాడికి దేశ బహిష్కారం. వాడి పేరు కూడా రాజ్యంలో ఎవరూ తలవకూడదు.

వింటున్నకొద్దీ రాజుగారి ముఖం విప్పారింది. ఇవాళ తరిమేస్తే రాణి దృష్టిలో తను దుర్మార్గుడు. నలభై రోజులు ఆగితే శాసనమే తరిమేస్తుంది. పైగా వాడి పేరు ఎవరూ తలవకూడదట! సిరియాలదేవి కూడా!

"అలాగే కానివ్వండి," అన్నారు ఎంతో పెద్దమనసుతో.

"ముద్ర దేనిదేనికి వెయ్యాలి?" అని కొఠారు అధికారి అడిగాడు.

"ఈ పానకంలో తీపి ఏది?" అన్నాడు నూకన్న.

"బెల్లం."

"బెల్లం ఎక్కడిది?"

"చెరకుది."

"అయితే చెరకు రసానికీ ముద్ర. పటికబెల్లం దాని తమ్ముడే కాబట్టి దానికీ ముద్ర."

"తేనె ఏం పాపం చేసిందిరా?" అని రాజుగారు గర్జించారు. "తేనె అమృతం!"

"తేనెటీగకి అమృతమే ప్రభూ. అది రోజంతా ఎగురుతుంది. ఏలినవారు సింహాసనం నుంచి పాన్పు దాకా ఎగురుతారు."

సభ పగలబడి నవ్వింది. రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. కానీ నలభై ఒకటో రోజు గుర్తుచేసుకుని ఓర్చుకున్నారు.

మర్నాటినుంచి నూకన్న ఒక కుండ, ఒక ముంత పట్టుకుని వచ్చేవాడు. కుండలో నీళ్ళు. ముంతలో వెన్న తీసిన పల్చని మజ్జిగ. అందులో ఉప్పు, అల్లం, కరివేపాకు. ముందు తను తాగేవాడు, తరవాత రాజుగారికి ఇచ్చేవాడు. మొదటి వారం రాజుగారి ప్రాణం కొట్టుకుపోయింది. తల పోటు, చిరాకు. శంఖం ఊదేవాడిని చూస్తేనే కళ్ళనీళ్ళు తిరిగేవి.

"ఒరేయ్, ద్రాక్ష షర్బతు ఇవ్వరా. ద్రాక్ష పండే కదా. పండు మంచిదే కదా."

"చిత్తం ప్రభూ. ఇదిగో ద్రాక్షపళ్ళు." ఒక చిన్న గుత్తి చేతిలో పెట్టాడు.

రాజుగారు పది పళ్ళు నమిలేసరికి దవడ నొప్పి పుట్టింది. "చాలురా."

"చూశారా! పది పళ్ళు తినడానికి ఇంతసేపు పట్టింది. షర్బతు గిన్నెకి వంద పళ్ళు పిండుతారు. మీరు ఒక్క గుక్కలో మింగుతారు. అందులోనూ పైన చక్కెర పోసి."

"పెద్ద తెలివి! మా తాతగారు మాత్రం పానకం తాగలేదూ? తొంభై ఏళ్ళు బతికారు!"

"తాగారు ప్రభూ. పండగ రోజున తాగారు. మీకు రోజుకి ఐదు పండగలు."

రాజుగారికి నవ్వు రాబోయింది. శత్రువు మాటకి నవ్వడమేమిటని మీసాల వెనక దాచేసుకున్నారు.

మూడో వారంలో చిత్రం జరిగింది. దాహం తగ్గింది. ముంతడు నీళ్ళు తాగితే, తాగినట్టు ఉంది. బొటనవేలి పుండు పక్కుకట్టింది. ఒక సాయంత్రం మజ్జిగ ఆలస్యమైతే రాజుగారే వెతుక్కుంటూ నీళ్ళ గదికి వెళ్ళారు. అక్కడ సిరియాలదేవి నేల మీద కూర్చుని, ఎదర చల్లకుండ పెట్టుకుని, కవ్వం తాడు లాగుతోంది. చెంపల మీద జుట్టు చెమటకి అంటుకుపోయింది. ఎర్రబడ్డ అరచేతులు. పట్టపురాణి!

"నువ్వు చిలుకుతున్నావా?"

"ఇన్నాళ్ళనుంచీ నేనే. వేరేవాళ్ళ చేతిది నమ్మడానికి లేదని నూకన్న అన్నాడు."

నూకన్న అన్నాడు! రాజుగారి గుండెలో సగం చల్లబడింది, సగం మళ్ళీ భగ్గుమంది. వాడు చెబితే చిలుకుతోందా, నాకోసం చిలుకుతోందా? అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేకపోయారు. ఆమె ముంత అందిస్తే, నూకన్న వచ్చి ముందు తాగాక తనూ తాగి, "ఉప్పు ఎక్కువైంది," అని వచ్చేశారు. ఉప్పు సరిగ్గానే ఉంది. అయినా ఆ రోజు నుంచి ఆయన మజ్జిగకి తనే వెళ్ళడం మొదలుపెట్టారు. ఏటి దాకా నడిచి వెళ్ళి, అటునుంచి నీళ్ళ గదికి. ముప్ఫై ఎనిమిదో రోజున ఎవరూ తొయ్యకుండా గుర్రం ఎక్కారు. దిగి, ఆ సంగతి ఎవరితో చెప్పుకోవాలో తెలియక చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

నలభై ఒకటో రోజు వచ్చింది. సభ బయట కూడా జనం. ముద్రలు పగలగొట్టి, అవే సరుకులతో పానకం కలిపారు. నృసింహభట్టుగారు తన పరువు కోసం స్వయంగా ఆరు గిన్నెలు వరుసగా తాగారు. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. గడియ గడిచింది. రెండు గడియలు గడిచాయి. వైద్యులవారికి ఒక పెద్ద తేనుపు వచ్చింది తప్ప ఇంకేమీ కాలేదు.

"చూశారా!" అన్నారాయన పొట్ట నిమురుకుంటూ. "నిర్మలం!"

రాజుగారు లేచారు. ఈ మాట అనడానికే ఆయన నలభై రోజులు మజ్జిగ తాగారు. "నూకన్నా! విషం లేదు. శాసనం ప్రకారం నువ్వు ఈ క్షణమే..."

"శాసనంలో ఇంకో వరస ఉంది ప్రభూ. ఆ రోజు చదివినవాడు రాతి అడుగున నాచు గీకలేదు. నేను గీకాను."

భటులు వెళ్ళి గీకారు. నిజమే. అడుగున ఒక వరస ఉంది. కొఠారు అధికారి చదివాడు. 'ముందుగుటక తాను తాగిన పానీయము వలన రోగి అయినచో, ఎన్ని దినములకైనను సరే, ఆ పానీయము విషమే.'

"అయితే?" అన్నారు రాజుగారు. "నీకేం రోగంరా? మల్లెతీగలా ఉన్నావు!"

నూకన్న పైవస్త్రం తీసేశాడు. ఎముకలు లెక్కపెట్టొచ్చు. సభలో ఎవరో అయ్యో అన్నారు.

"పోయిన మాఘంలో మొదలైంది ప్రభూ. ఎంత తాగినా దాహం. ఎంత తిన్నా నీరసం. సన్నబడుతుంటే అందంగా అవుతున్నానని నేనే మురిసిపోయాను. ఒకరోజు మా పెరట్లో, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేను కూర్చుని లేచిన చోటికి చీమలు బారులు తీర్చి వచ్చాయి. మా ఇంట్లో బెల్లం కుండ మూత తీసి పెట్టినా అన్ని చీమలు రావు."

నృసింహభట్టుగారి ముఖం తెల్లబడింది. గబగబా వచ్చి నూకన్న నాడి పట్టుకున్నారు. కళ్ళు చూశారు, అరికాళ్ళు నొక్కి చూశారు. నొక్కినా నూకన్నకి తెలియలేదు.

"మధుమేహం," అన్నారు చివరికి. "తాగిన ప్రతివాడికీ వస్తుందని చెప్పలేను ప్రభూ. కానీ రోజూ దాహానికి నీళ్ళ బదులు తీపి పోసుకుంటే, దారి వేసి పిలిచినట్టే. నేనే... నేనే పాళ్ళు చెప్పాను."

"మరి నాకెందుకు చెప్పలేదురా!" రాజుగారి గొంతులో కోపం ఉంది. కానీ అది ఇదివరకటి కోపం కాదు.

"జబ్బు ఉన్నవాడు ముందుగుటకగా పనికిరాడు. నన్ను పంపేసి ఇంకొకడిని పెడతారు. వాడు తాగుతాడు, మీరూ తాగుతారు. వాడికి ఈ సంగతి తెలియడానికి పదేళ్ళు పడుతుంది. మీకు ఆ పదేళ్ళు లేవు ప్రభూ. మీ దాహం నేను ఎరిగిన దాహమే. మీ కాలి పుండు కూడా. రాణీవారికి మాత్రం చెప్పాను. ఆ తల్లి రోజూ ఏడ్చేది. ఆవిడ ఏడవకుండా నా జబ్బు మీద నేనే హాస్యాలాడేవాణ్ణి. నేను ముందు తాగేది ఎందుకు ప్రభూ? మీకు రాబోయేది నాకు ముందు రావాలనే కదా. వచ్చింది. నా కొలువు నేను చేశాను. ఇక శాసనం ఎలా చెబితే అలా."



రాజుగారు తన బొటనవేలు చూసుకున్నారు. పుండు ఉన్నచోట కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. ఆయన మెల్లగా సింహాసనం దిగి వచ్చి నూకన్న భుజాల మీద తన పట్టుశాలువా కప్పారు.

"విషమే," అన్నారు. "తాతగారి శాసనం మీద ఆన. నూకన్న గెలిచాడు! ఎవరక్కడ? రాజ్య మర్యాద ప్రకారం ఇతనికి బహుమానంగా వంద కడవల తేనె..."

"ప్రభూ!" నూకన్న చేతులు జోడించాడు. "దానికంటే బహిష్కారమే నయం."

రాజుగారికి నవ్వు మొదలైంది. మీసాల వెనక దాచుకోవడానికి ఈసారి ఆయన ప్రయత్నించలేదు. పొట్ట పట్టుకుని, పీట మీద చతికిలపడి, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వారు. సభ నవ్వింది, బయట జనం ఎందుకో తెలియకుండానే నవ్వారు, నృసింహభట్టుగారు కూడా తేనుపుల మధ్య నవ్వారు.

నవ్వు ఆగాక రాజుగారు నూకన్నకి ఏటి ఒడ్డున ఊటబావి ఉన్న పదెకరాల మాగాణి రాయించారు. వైద్యులవారు రోజూ వాడి ఇంటికి వెళ్ళి పథ్యమూ మందూ చూడాలని ఆజ్ఞ ఇచ్చారు. ముందుగుటక కొలువులో ఇక ఎవరూ రాజు తాగినంత తాగనక్కరలేదని, ఒక్క చుక్క చాలని శాసనం తిరగరాయించారు. సభలో తన పక్క ఆసనం వాడికి ఇచ్చారు. "నా ముఖం మీద నిజం చెప్పడం ఇకనుంచి నీ కొలువు," అన్నారు.

"అది పానకం కంటే ప్రమాదం ప్రభూ," అన్నాడు నూకన్న, కూర్చుంటూ.

సభ చెదిరింది. ఎండ వాలుతోంది. నీళ్ళ గది గుమ్మంలో సిరియాలదేవి నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ఎరుపెక్కిన కళ్ళతో ఆవిడ వర్షం వెలిసిన తోటలా ఉంది. రాజుగారు వెళ్ళి ఎదురుగా నిలబడ్డారు. మీసం మీదికి చెయ్యి పోయింది. అదీ సగంలో ఆగిపోయింది.

"ఒక్క మాట అడగనా?" అంది ఆవిడ. "మజ్జిగ పేరెత్తితే మండిపడేవారు. నలభై రోజులు నోరెత్తకుండా తాగారు. మా మాట మీద నమ్మకమా? శాసనం మీద భక్తా?"

"రాజన్నవాడు... శాసనాన్ని..." అని గంభీరంగా మొదలుపెట్టారు. ఆ గొంతు ఆయనకే నచ్చలేదు. ఆపేశారు.

"చెప్పండి."

"నవ్వకూడదు."

"నవ్వను."

"నలభై రోజులు ఓర్చుకుంటే వాడు వెళ్ళిపోతాడని." అన్నారు. "తడిక వెనక నిలబడి విన్నాను సిరీ. దొంగలా. సగం విని మిగతా సగం నేను అల్లుకున్నాను. వాడు చావుకి దగ్గరౌతూ సన్నబడుతుంటే, వాడి నడుం చూసి కుళ్ళుకున్నాను."

ఆయన నేల చూస్తూ నిలబడ్డారు. మధురపాన సార్వభౌముడు, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా. తరవాత తలెత్తి, లోపల ఇన్నాళ్ళూ కరుడుకట్టిన మాటని గొంతులోకి తెచ్చుకుని, పైకి అనేశారు.

"నువ్వు వాడితో నవ్వుతుంటే నేను చూడలేకపోయాను సిరీ. నాకు అసూయ. నువ్వంటే నాకు అంత ఇష్టం."